అరెస్టయిన మనిషి ఏ గంటలో ఎవరి కస్టడీలో ఉన్నట్టు? తమ్ముడి కేసు, సలహా కావాలి

పల్నాటి_అన్న

అందరికీ నమస్కారం. శనివారం రాత్రి ఎనిమిది దాటాక మా తమ్ముడిని ఇంటి దగ్గర నుంచి పోలీసులు తీసుకెళ్లారు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయిన కేసు. మఫ్టీలో ముగ్గురు వచ్చి "మాట్లాడి పంపిస్తాం" అన్నారు. ఆదివారం పొద్దున స్టేషన్‌కు వెళ్తే మా దగ్గర లేడన్నారు. సర్కిల్ ఆఫీసులో అడగమన్నారు, అక్కడా లేడు. సోమవారం మధ్యాహ్నం మేజిస్ట్రేట్ ముందు పెట్టారని తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే పరుగెత్తాం. కాగితాల్లో మాత్రం ఆదివారం సాయంత్రం నాలుగింటికి బస్టాండ్ దగ్గర వాహన తనిఖీల్లో పట్టుకున్నట్టు ఉంది. 14 రోజుల రిమాండ్ వేసి సబ్ జైలుకు పంపారు. ఇప్పుడు మళ్లీ తమ కస్టడీకి ఇవ్వమని పోలీసులు పిటిషన్ వేశారు. గురువారం వాయిదా.

వాడు తప్పు చేశాడా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది, దాని గురించి నేను అడగడం లేదు. శనివారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం వరకు వాడు ఎవరి చేతిలో ఉన్నట్టు? ఆ రాత్రి వాడికేమైనా అయితే మేం ఎవరిని అడగాలి? జైలుకు పోయినవాణ్ని మళ్లీ పోలీసులకు ఎలా ఇస్తారు? అమ్మకు అన్నం సహించడం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నిర్వాహకులు

స్టేషన్ పేరు, అధికారుల పేర్లు, కేసు నంబరు ఎవరూ రాయకండి. చట్టం గురించి, విధానం గురించి మాట్లాడుకుందాం.

గుంటూరు_వకీలు

పల్నాటి అన్న గారూ, ముందుగా అమ్మగారికి ధైర్యం చెప్పండి. మనిషి ఎక్కడున్నాడో తెలిసింది, కోర్టు రికార్డులోకి వచ్చాడు. అన్నిటికంటే ప్రమాదమైన దశ దాటిపోయింది.

మీ ప్రశ్నకు జవాబు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో వచ్చింది. అందులో 56వ సెక్షన్ చిన్నది, కానీ మీరు అడిగినదంతా దాని మీదే నిలబడుతుంది. ముద్దాయి ఎవరి కస్టడీలో ఉంటే, అతని ఆరోగ్యం, భద్రత చూసుకోవాల్సిన బాధ్యత వాళ్లదే. ఫలానా హోదా అని లేదు. ఆ నిమిషాన మనిషి ఎవరి అదుపులో ఉంటే వాళ్లే.

పట్టుకున్నది కానిస్టేబుల్ కావచ్చు, ఐడీ పార్టీ (మఫ్టీలో తిరిగి దొంగలను పట్టే బృందం) కావచ్చు. 57వ సెక్షన్ ప్రకారం అనవసరమైన ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్ ముందుకైనా, స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి ముందుకైనా తీసుకెళ్లాలి. అక్కడి నుంచి స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ది బాధ్యత. 58వ సెక్షన్ ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటలకు మించి మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా ఎవరూ ఉంచుకోకూడదు. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్న హక్కు. ఆ కోర్టుకు కేసు మీద అధికార పరిధి ఉందా లేదా అన్నది అడ్డు కాదని కొత్త చట్టం స్పష్టంగా రాసింది. మేజిస్ట్రేట్ రిమాండ్ వేశాక మనిషి కోర్టు అధీనంలోకి వెళ్తాడు. కోర్టు తరఫున భౌతికంగా ఉంచుకునేది జైలు సూపరింటెండెంట్. అప్పుడిక కోర్టు అనుమతి లేకుండా పోలీసులు అతన్ని ప్రశ్నించడానికి కూడా వీల్లేదు.

ఇక శనివారం రాత్రి సంగతి. 43వ సెక్షన్ ప్రకారం మనిషిని తాకినా, నిర్బంధించినా, లేదా అతను మాటతోనో చేతతోనో లొంగిపోయినా అరెస్టు జరిగినట్టే. మెమోలో ఏ టైము రాశారన్నది తర్వాతి సంగతి. ముగ్గురు వచ్చి జీపెక్కించుకుని, తిరిగి ఇంటికి పోనివ్వకపోతే, 24 గంటల గడియారం మీ గుమ్మం దగ్గరే మొదలైంది. రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు సాయంత్రం దాకా ఉన్న ఖాళీకి సంజాయిషీ చెప్పాల్సింది పోలీసులే.

ఖాకీ_విశ్రాంతి

వకీలు గారు చెప్పిన చట్టం కరెక్టే. స్టేషన్‌లో పని ఎలా నడుస్తుందో నేను చెబుతాను. నా సర్వీసంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనే గడిచింది, ఎస్సైగా రిటైరయ్యాను.

రాగి తీగ దొంగతనాల్లో ఒక్కడు దొరికితే మిగతా ముగ్గురు రాత్రికి రాత్రే జిల్లా దాటేస్తారు. మొదటివాణ్ని పట్టుకున్నామని బయటకు పొక్కితే సరుకు కొన్న పాత ఇనుము షాపువాడు తెల్లారేలోగా కరిగించేస్తాడు. అందుకని "విచారణ" అని తీసుకొచ్చి, మిగతావాళ్లు దొరికాక అందరినీ కలిపి అరెస్టు చూపించడం అలవాటుగా మారింది. పై నుంచి డిటెక్షన్ ఏదని రోజూ అడుగుతుంటారు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని కింద రైతుల మోటార్లన్నీ ఆగిపోతాయి. వాళ్లు స్టేషన్ ముందు కూర్చుంటారు. ఆ బాధ కూడా నిజమే.

అయినా సరే, మనిషిని గేటు లోపలికి తెచ్చాక జనరల్ డైరీలో (స్టేషన్‌లో జరిగేదంతా టైముతో రాసే పుస్తకంలో) రాయకుండా ఉంచడం తప్పు. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లకు ఎప్పుడూ ఇదే చెప్పేవాణ్ని. డైరీలో లేని మనిషి రాత్రి ఛాతీ పట్టుకుని పడిపోతే, తెచ్చిన కానిస్టేబుల్ "సారు తెమ్మన్నారు" అంటాడు, సారు "నాకు చెప్పలేదు" అంటాడు. ఆ మాటలు విన్న కుటుంబం ఏమైపోవాలి? డైరీలో ఎంట్రీ ఉంటే పోలీసుకూ రక్షణే.

పల్నాటి_అన్న

సర్, మీరు ఉన్నదున్నట్టు చెప్పినందుకు కృతజ్ఞతలు. మా వాడు చెప్పేది ఏమిటంటే, శనివారం రాత్రి స్టేషన్‌కే తీసుకెళ్లలేదట. ఊరి బయట ఏదో గెస్ట్‌హౌస్ లాంటి చోట ఉంచారట. అందుకే మేం స్టేషన్‌కు వెళ్తే లేడన్నారు కాబోలు.

లా_మూడో_ఏడు

అన్నా, అయితే ఇది ఇంకా తీవ్రమైన విషయం. రిమాండ్ గురించి చెప్పే 187వ సెక్షన్‌లోనే కొత్తగా ఒక మాట చేర్చారు. పోలీసు కస్టడీ అయితే పోలీస్ స్టేషన్‌లోనే, జ్యుడీషియల్ కస్టడీ అయితే జైల్లో లేదా ప్రభుత్వం జైలుగా ప్రకటించిన చోటే ఉంచాలి, వేరే ఎక్కడా నిర్బంధించకూడదు. కోర్టు రిమాండ్ ఇచ్చాకే ఇంత కచ్చితంగా ఉంటే, ఏ ఆదేశమూ లేని మొదటి రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఉంచడాన్ని ఏ సెక్షన్ కాపాడుతుంది?

36వ సెక్షన్ కూడా చదవండి. అరెస్టు చేసే అధికారి తన పేరు కనిపించేలా పెట్టుకోవాలి. అక్కడికక్కడే అరెస్టు మెమో రాయాలి. కుటుంబ సభ్యుడో, ఆ చుట్టుపక్కల గౌరవం ఉన్న వ్యక్తో దాని మీద సాక్షి సంతకం చేయాలి. ముద్దాయి కూడా సంతకం పెట్టాలి. ఈ నియమాలన్నీ 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి, తర్వాత చట్టంలోకి ఎక్కాయి. ఆ కేసు మొదలైంది పశ్చిమ బెంగాల్‌లో లాకప్ మరణాల గురించి న్యాయ సహాయ సంస్థ తరఫున రాసిన ఒక ఉత్తరంతో. చీఫ్ జస్టిస్‌కు అందిన ఆ ఉత్తరాన్నే కోర్టు రిట్ పిటిషన్‌గా తీసుకుంది.

మీ మెమో మీద సాక్షిగా ఎవరు సంతకం చేశారు?

పల్నాటి_అన్న

వేరే మండలం వీఆర్వో అట. మేం ఎప్పుడూ చూడలేదు.

గుంటూరు_వకీలు

అది రాసి పెట్టుకోండి, విచారణలో పనికొస్తుంది.

ఇంకొకటి అడగాలి. మీ వాడి మీద పెట్టినవి మూడేళ్ల వరకు శిక్ష పడే దొంగతనం సెక్షన్లేనా? అయితే అసలు అరెస్టు ఎందుకు చేయాల్సి వచ్చిందన్న ప్రశ్న ముందు వస్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష ఉండే నేరాల్లో 35వ సెక్షన్ కింద హాజరు నోటీసు ఇవ్వడం మామూలు పద్ధతి. అరెస్టు తప్పదనుకుంటే కారణాలు రాతలో పెట్టాలి. అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కారణాలు చూడకుండా యాంత్రికంగా రిమాండ్ వేసే మేజిస్ట్రేట్ మీద కూడా చర్య ఉంటుందని హెచ్చరించింది. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో మళ్లీ స్పష్టం చేసింది. దొంగ సొత్తు రికవరీ కోసం అరెస్టు అవసరమని పోలీసులు అంటారు, కొన్ని కేసుల్లో అది న్యాయమైన కారణమే. కానీ ఆ మాట రిమాండ్ రిపోర్టులో ఉండాలి. రిపోర్టు కాపీ తీసుకున్నారా?

అరెస్టు కారణాలు మీ వాడికి రాతపూర్వకంగా ఇచ్చారో లేదో కూడా కనుక్కోండి. మనీ లాండరింగ్ కేసుల్లో 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ తీర్పు, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో 2024 మేలో ప్రబీర్ పుర్కాయస్థ తీర్పు ఈ మాట చెప్పాయి. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు దాన్ని అన్ని నేరాలకూ వర్తింపజేసింది. నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. వెంటనే ఇవ్వలేని పరిస్థితి ఉంటే నోటితో చెప్పి, రిమాండ్ కోసం మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతిలో పెట్టాలి. లేకపోతే అరెస్టు, రిమాండ్ రెండూ చెల్లవు. మన దగ్గర ఇంకా చాలాచోట్ల ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. మీ వాడికి ఇంగ్లీషు రాకపోతే ఆ సంగతి కస్టడీ పిటిషన్‌కు మీ వకీలు వేసే జవాబులో (కౌంటర్‌లో) రాయించండి.

ఇందూరు_తల్లి

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. మా అబ్బాయికి 17 నిండలేదు. ఫ్రెండ్స్‌తో బైకు కేసులో ఇరుక్కున్నాడు. స్టేషన్‌లో పెద్దవాళ్లతో పాటే ఒక రాత్రంతా కూర్చోబెట్టారు. ఆధార్ చూపిస్తే "రేపు చూద్దాం" అన్నారు. మాకేమీ తెలియదు. మాకు తెలిసిన ఒక టీచరమ్మ వచ్చి, పిల్లలను లాకప్‌లో పెట్టే అధికారం మీకు లేదని నిలదీస్తే అప్పుడు కదిలారు. ఆ రాత్రి తర్వాత వాడు మాట్లాడడం తగ్గించేశాడు. ఏ తల్లికీ ఇలా జరగకూడదని చెబుతున్నాను.

గుంటూరు_వకీలు

అమ్మా, ఆ టీచర్ గారు చెప్పింది అక్షరాలా చట్టం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం 18 నిండని పిల్లలను ఏ పరిస్థితుల్లోనూ పోలీసు లాకప్‌లో గానీ, జైల్లో గానీ ఉంచకూడదు. పట్టుకున్న వెంటనే ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో, పిల్లల సంక్షేమ పోలీసు అధికారికో అప్పగించాలి. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. బెయిల్ రాకపోతే అబ్జర్వేషన్ హోమ్‌లోనే ఉంచాలి. పిల్లవాడి విషయంలో పోలీసు కస్టడీకి చోటే లేదు.

అబ్బాయికి కౌన్సెలింగ్ ఇప్పించమని మీరు బోర్డునే అడగవచ్చు. దయచేసి అడగండి.

ఓరుగల్లు_చదువరి

మా వైపు ఇంకో భయం ఉంది. బెయిల్ వచ్చి బయటకు రాబోతుంటే పీడీ యాక్ట్ పెట్టి మళ్లీ లోపల వేస్తారు. అప్పుడు ఈ 24 గంటలు, రిమాండ్ ఏవీ వర్తించవా?

లా_మూడో_ఏడు

వర్తించవు అన్నా. అది ముందస్తు నిర్బంధం, అంటే ఇకముందు నేరం చేస్తాడన్న అనుమానంతో లోపల ఉంచడం. రాజ్యాంగం 22వ అధికరణం మూడో క్లాజు అలా నిర్బంధించినవాళ్లను 24 గంటల రక్షణ నుంచి మినహాయించింది. తెలంగాణలో అమల్లో ఉన్నది ఉమ్మడి రాష్ట్రంలో 1986లో చేసిన చట్టం. అక్కడ మనిషిని లోపల ఉంచేది కోర్టు ఆదేశం కాదు, కమిషనరో కలెక్టరో ఇచ్చిన ఉత్తర్వు. దానికి కారణాలు తెలపాలి, ప్రభుత్వానికి విన్నవించుకునే అవకాశం ఇవ్వాలి, మూడు నెలలు దాటాలంటే సలహా బోర్డు అంగీకరించాలి. 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులు ఈ చట్టాన్ని వాడుతున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. మామూలు శాంతిభద్రతల కేసులకు మామూలు చట్టం ఉండగా దీన్ని వాడకూడదని చెప్పింది. నిర్బంధ ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేయడమే దారి. ఈ విషయం మీద వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది.

పల్నాటి_అన్న

ఒక చిన్న సందేహం. మా వాడితో పాటు పట్టుబడిన ఇంకో కుర్రాణ్ని అంతకుముందు పక్క ఊరి రైతులే పట్టుకుని వేపచెట్టుకు కట్టేసి, పొద్దున్నే పోలీసులకు అప్పగించారట. రైతులకు ఆ హక్కు ఉందా?

ఖాకీ_విశ్రాంతి

పట్టుకునే హక్కు ఉంది బాబూ, కట్టేసి కొట్టే హక్కు లేదు. 40వ సెక్షన్ ప్రకారం తన కళ్లెదుట నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని), కాగ్నిజబుల్ (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం చేసినవాణ్ని మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఆ ఆరు గంటల గడువు కొత్త చట్టంలో వచ్చింది. రాత్రి పదింటికి పట్టుకుని పొద్దున ఏడింటికి అప్పగిస్తే గడువు దాటినట్టే. ఆ గంటల్లో ఆ కుర్రాడి కస్టడీ రైతులదే అవుతుంది. ప్రాణం మీదికొస్తే హత్య కేసు వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. పంట ఎండిపోయిన కోపం నాకు అర్థమవుతుంది. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి కేసులో తండ్రీ కొడుకులిద్దరూ జైలుకు పోయారు. దొంగ దొరికితే 112కు ఫోన్ కొట్టి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి.

జైలుశాఖ_పాతమనిషి

జైలు లోపలి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. సబ్ జైళ్లలోనూ, రాజమండ్రి సెంట్రల్ జైల్లోనూ పనిచేశాను.

కోర్టు సంతకం చేసిన రిమాండ్ వారంటు లేకుండా జైలు గేటు తెరుచుకోదు. వారంటులో పేరు, తండ్రి పేరు, కేసు, వాయిదా తేదీ సరిచూసుకుని, మనిషిని నిలబెట్టి ఒంటి మీద గాయాలున్నాయేమో చూసి రిజిస్టర్‌లో రాస్తాం. డాక్టరు పరీక్ష కాగితం చూస్తాం. అరెస్టు తర్వాత వైద్య పరీక్ష చేయించాలని 53వ సెక్షన్ చెబుతుంది, ఆ కాగితం కాపీ ముద్దాయికి కూడా ఇవ్వాలి. గాయం రాయకుండా లోపలికి తీసుకుంటే అది మేం చేసినట్టవుతుంది. అందుకే మంచి జైలర్ ఆ పది నిమిషాలు ఎంత రద్దీలోనైనా వదులుకోడు. కొత్తగా వచ్చినవాళ్లు భయంతో "పడిపోయాను సార్" అంటారు. పడితే ఇలా వాతలు తేలవని మాకు తెలుసు. ఏం కనిపించిందో అది రాయాలి.

పోలీసు కస్టడీకి ఇవ్వడం కూడా ఇలాగే. కోర్టు ఆర్డరు కాపీ, అందులో రాసిన అధికారి, రాసిన గంట. తీసుకెళ్లేటప్పుడు డాక్టరు చూస్తాడు, తిరిగి తెచ్చాక మళ్లీ చూస్తాడు. రెండు కాగితాల మధ్య తేడా ఉంటే కోర్టుకు రాసి పంపాలి. ఆస్పత్రికి తీసుకెళ్తే ఏఆర్ (సాయుధ రిజర్వు) పోలీసులు కాపలా ఉంటారు. చూసేవాళ్లు పోలీసు కస్టడీ అనుకుంటారు గానీ అప్పుడు కూడా అతను జైలు మనిషే. ఆ ఎస్కార్టు వాళ్లు కేసు గురించి ఒక్క ప్రశ్న అడగడానికి వీల్లేదు.

పల్నాటి అన్న గారూ, ములాఖత్‌కు వెళ్లినప్పుడు అడ్మిషన్ రోజున గాయాలేమైనా రాయించుకున్నాడేమో అడగండి.

పల్నాటి_అన్న

అడిగాను. అరికాళ్లు నొప్పిగా ఉన్నాయన్నాడు, జైల్లో రాసుకున్నారట. కానీ మేజిస్ట్రేట్ గారు "పోలీసులు ఏమైనా చేశారా" అని అడిగితే లేదు అన్నాడట. పక్కనే తెచ్చిన కానిస్టేబుళ్లు ఉన్నారట.

గుంటూరు_వకీలు

జైలు రిజిస్టర్‌లో రాశారు చూడండి, అది పెద్ద ఆధారం. గురువారం కౌంటర్‌లో ఆ రిజిస్టర్ తెప్పించమని అడగండి. గురువారం అతన్ని కోర్టుకు తీసుకొస్తే ఈసారి మేజిస్ట్రేట్‌కు నేరుగా చెప్పమనండి. పోలీసులను బయటకు పంపమని మీ వకీలు అడగవచ్చు.

ఇక కస్టడీ పిటిషన్. పాత చట్టం కింద 1992లో అనుపమ్ కులకర్ణి కేసులో సుప్రీంకోర్టు పోలీసు కస్టడీ మొదటి 15 రోజుల్లోనే అని తేల్చింది. కొత్త 187వ సెక్షన్ దాన్ని మార్చింది. మొత్తం 15 రోజులే, కానీ ఒకేసారి కానవసరం లేదు, విడతలుగా తీసుకోవచ్చు. మీ వాడిలాంటి చిన్న కేసుల్లో మొదటి 40 రోజుల్లో ఎప్పుడైనా, మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు, ఆపైన శిక్షలున్న కేసుల్లో మొదటి 60 రోజుల్లో ఎప్పుడైనా.

ఈ మార్పు నాకు మింగుడుపడటం లేదు. ఇదివరకు 15 రోజులు గడిస్తే ముద్దాయి కుటుంబం ఊపిరి పీల్చుకునేది, ఇక పోలీసుల దగ్గరికి పోడు అని. ఇప్పుడు 40 రోజుల పాటు ప్రతి ఉదయం ఆ భయం ఉంటుంది.

ఖాకీ_విశ్రాంతి

ఇక్కడ మీతో విభేదిస్తాను వకీలు గారూ. డబ్బున్నవాడు అరెస్టు కాగానే ఛాతీ నొప్పి అని కార్పొరేట్ ఆస్పత్రిలో చేరి 15 రోజులు గడిపేస్తే ఇదివరకు మేం ఏం చేయగలిగేవాళ్లం? ఆర్థిక నేరాల్లో బ్యాంకు కాగితాలు రావడానికే నెల పడుతుంది. అవి వచ్చాక అడగాల్సిన ప్రశ్నలుంటాయి. పేదవాణ్ని మొదటి రోజే దబాయించే అలవాటు తగ్గాలంటే దర్యాప్తుకు కాస్త వెసులుబాటు ఉండాలి.

గుంటూరు_వకీలు

సర్, మీరు చెప్పిన ఉదాహరణ నిజమైనదే. కానీ ఆ వెసులుబాటును చట్టం బ్యాంకు మోసగాడికి మాత్రమే ఇవ్వలేదు, రాగి తీగ కేసుకూ ఇచ్చింది. కింది కోర్టుల్లో నేను చూస్తున్నది ఏమిటంటే, "ఇంకా కస్టడీ రోజులు మిగిలున్నాయి" అన్న మాటతో బెయిలు వాయిదా పడుతోంది. 480వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. మొదటి 15 రోజుల తర్వాత పోలీసు కస్టడీకి అవసరం పడవచ్చు అన్న ఒక్క కారణంతో, వేరే విధంగా అర్హత ఉన్నవాడికి బెయిలు నిరాకరించకూడదని అందులో రాసే ఉంది. ఈ వాక్యాన్ని ప్రతి బెయిలు పిటిషన్‌లో ఎత్తి రాయాలని నా జూనియర్లకు చెబుతుంటాను.

పల్నాటి అన్న గారూ, మధ్యవర్తుల నామాలో (సాక్షుల ముందు రాసే స్వాధీనం కాగితంలో) రాగి తీగ అప్పటికే స్వాధీనం చేసుకున్నట్టు చూపించి ఉంటే, ఇంకా కస్టడీ దేనికని మీ వకీలు అడగాలి. అయినా కోర్టు కస్టడీకి ఇస్తే, షరతులు కోరాలి. కనుచూపు మేరలో లాయర్ ఉండాలి, పగటి వేళల్లోనే విచారించాలి, ముందూ వెనకా వైద్య పరీక్ష జరగాలి, ఫలానా స్టేషన్‌లోనే ఉంచాలి. విచారణ జరిగేటప్పుడు లాయర్‌ను కలిసే హక్కు 38వ సెక్షన్‌లో ఉంది, మొత్తం సేపు పక్కన కూర్చోవడానికి మాత్రం కుదరదు. ఆ గదిలో పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ అదే చెబుతుంది. అతను చెప్పినదాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మేరకే చెల్లుతుంది. ఇది మీ తమ్ముడికి తెలిస్తే సగం భయం పోతుంది.

ఫీజు ఇబ్బందైతే మొహమాటపడకండి. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం కింద హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల సంస్థ ఆఫీసు ఉంటుంది.

లా_మూడో_ఏడు

సీసీ కెమెరాల సంగతి మర్చిపోవద్దు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, రిసెప్షన్ అన్నీ కెమెరాలో పడాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, కుదరని చోట కూడా ఏడాదికి తగ్గకూడదని చెప్పింది. శనివారం, ఆదివారం ఫుటేజీ భద్రపరచమని ఇప్పుడే కోర్టులో పిటిషన్ వేయండి. శనివారం రాత్రి ఫుటేజీలో మీ తమ్ముడు లేకపోయినా, ఆదివారం నాలుగు గంటలకు ముందు వచ్చినట్టు కనిపించినా, రెండూ మీకు పనికొస్తాయి. మీ వీధిలో ఏ షాపుకైనా కెమెరా ఉంటే అదీ తీసి పెట్టుకోండి. అవి వారానికే చెరిగిపోతుంటాయి.

మరి మా వాళ్లు ఏ స్టేషన్‌లో ఉన్నారో తెలియనప్పుడు ఏం చేయాలని ఇక్కడ చదివేవాళ్లకు సందేహం రావచ్చు. 37వ సెక్షన్ ప్రకారం జిల్లాలో పోలీసు కంట్రోల్ రూమ్ ఉండాలి, అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం ఏమిటన్నది ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ ప్రదర్శించాలి. అక్కడ అడగండి. ఆ రాత్రే 112కు ఫోన్ చేయండి, ఆ కాల్‌కు టైము రికార్డవుతుంది. ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కు మెయిల్ పంపండి. అయినా తెలియకపోతే 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గర సెర్చ్ వారంటు అడగవచ్చు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టించమని కోరే పిటిషన్) ఎలాగూ ఉంది, కానీ కోర్టు రిమాండ్ వేశాక సాధారణంగా అది నిలవదు.

ఓరుగల్లు_చదువరి

మొదటి ప్రశ్నలో "వాడికేమైనా అయితే మేం ఎవరిని అడగాలి" అని ఉంది. దానికి ఒక కేసు చెప్పాలి. ఒడిశాలో 1987లో పోలీసులు పట్టుకెళ్లిన 22 ఏళ్ల కుర్రాడి శవం మర్నాడు రైలు పట్టాల మీద దొరికింది. తప్పించుకుని పారిపోతూ రైలు కింద పడ్డాడని పోలీసులన్నారు. తల్లి నీలాబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. 1993లో కోర్టు పోలీసుల మాట నమ్మలేదు. కస్టడీలో ఉన్న మనిషికి ఏమైందో చెప్పాల్సింది కస్టడీలో ఉంచుకున్నవాళ్లేనని, రాజ్యం తరఫున లక్షా 50 వేల రూపాయలు తల్లికి ఇవ్వాలని తీర్పిచ్చింది. డబ్బు కాదు ముఖ్యం. కొడుకును చంపారని తల్లి నిరూపించాల్సిన అవసరం లేదు, ఎలా చనిపోయాడో తీసుకెళ్లినవాళ్లు చెప్పాలి అని ఒక కోర్టు అంది. ఆ మాట చదివిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు.

జైలుశాఖ_పాతమనిషి

ఇప్పుడు కస్టడీలో ఎవరైనా చనిపోయినా, కనిపించకుండా పోయినా 196వ సెక్షన్ కింద పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలపాలి. జైలు మరణానికీ ఇదే వర్తిస్తుంది.

పల్నాటి_అన్న

గురువారం వాయిదా అయింది. కోర్టు రెండు రోజులు పోలీసు కస్టడీకి ఇచ్చింది, పగటి పూట మాత్రమే, రాత్రికి మళ్లీ సబ్ జైలుకు అప్పగించాలి. లాయర్ కనపడే దూరంలో ఉండవచ్చన్నారు. ముందూ వెనకా డాక్టరు పరీక్ష. జైలు రిజిస్టర్ తెప్పించమని మా వకీలు అడిగితే జడ్జి గారు ఒప్పుకున్నారు. ఫుటేజీ పిటిషన్ మీద పోలీసులను కౌంటర్ వేయమన్నారు. ఈసారి మా వాడు అరికాళ్ల సంగతి నోరు తెరిచి చెప్పాడు. జడ్జి గారు రాసుకున్నారు.

కోర్టు నుంచి తీసుకెళ్లేటప్పుడు బేడీలు వేశారు. అది సరైనదేనా?

గుంటూరు_వకీలు

43వ సెక్షన్ బేడీలకు అనుమతించేది అలవాటుపడ్డ నేరస్థులకు, కస్టడీ నుంచి పారిపోయినవాళ్లకు, ఉగ్రవాదం, హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాలు వంటి నేరాలకు. మొదటిసారి దొంగతనం కేసులో ఉన్నవాడికి కాదు. వచ్చే వాయిదాకు మీ వకీలు ఒక మెమో వేస్తే చాలు. ఆస్పత్రి మంచానికి గొలుసుతో కట్టేసిన ఒక నిందితుడి విషయంలో, అలా చేయడం గౌరవంగా బతికే హక్కును హరించడమేనని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో చెప్పింది.

ఈ రెండు రోజులూ సాయంత్రం జైలు గేటు దగ్గర మీరు ఉండండి. ఏ టైముకు తెచ్చి దించారో ఫోన్‌లో రాసుకోండి.

పల్నాటి_అన్న

ఉంటాను. చివరిగా ఒకటి. బెయిలు కొట్టేస్తే, 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు వస్తుందంటున్నారు. ఆ 60 రోజులు ఎక్కడి నుంచి లెక్క? శనివారం నుంచా, సోమవారం నుంచా?

లా_మూడో_ఏడు

సోమవారం నుంచి. అరెస్టు రోజు నుంచి కాదు, మేజిస్ట్రేట్ రిమాండ్ వేసిన రోజు నుంచి అని 1986లో చాగంటి సత్యనారాయణ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. రిమాండ్ వేసిన ఆ రోజును కూడా కలిపి లెక్కపెట్టాలని 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. కాబట్టి సోమవారం ఒకటో రోజు. 60వ రోజు ముగిసేలోగా ఛార్జిషీటు రాకపోతే హక్కు పుడుతుంది.

కానీ అది దానంతట అదే రాదు అన్నా, అడగాలి. మీరు పిటిషన్ వేయకముందే పోలీసులు ఛార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుంది. ముందు రోజే పిటిషన్ టైపు చేయించి, జామీనుదార్ల కాగితాలు సిద్ధం చేసుకుని, 61వ రోజు కోర్టు తెరవగానే ఫైల్ చేయండి. ఫైలింగ్ ముద్ర మీద టైము కూడా వేయించుకోండి.